ఎడమ చేతి స్విచ్చులు

ఆగస్టు 9, శనివారం

ఎవరితోనైనా చెప్పుకుంటే పొద్దుగూకేసరికి సెంటినరీ కాలనీ మొత్తానికి తెలిసిపోతుంది. అందుకే ఈ నోట్‌బుక్. ఇది నా బీరువాలో నా బట్టల కింద ఉంటుంది. అమ్మకు ఎట్లాగూ నా అక్షరాలు అర్థం కావు.

బాపు డ్యూటీ నుంచి వచ్చి మళ్లీ గోడ చూస్తూ కూర్చున్నాడు. డ్యూటీ అంటే ఏముంది, లైట్ డ్యూటీ. సర్వే ఆఫీసులో కుర్చీ మీద కూర్చుని రావడం. మార్చిలో జీపు తలుపు పడి ఎడమ చేతి చూపుడు వేలు, నడిమి వేలు నలిగిపోయాయి. ఆపరేషన్ చేసి వేళ్లు నిలిపారు కానీ అవి వంగవు. ముప్పై ఆరేళ్లు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో సర్వే సార్ల వెంట కొలతల కర్ర పట్టుకుని తిరిగిన మనిషి ఇప్పుడు అంగీ గుండీ పెట్టుకోలేడు. పొద్దున్నే నేను పెట్టి షాపుకు పోతున్నాను.

అన్‌ఫిట్‌కు కాగితాలు పెట్టాం. ఈ బొగ్గు దిక్కు పుట్టిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతే ఇది. ఈయన ఇక పని చెయ్యలేడని మెడికల్ బోర్డు డాక్టర్లు రాస్తే, ఆయన నౌకరి బిడ్డకో కొడుక్కో వస్తుంది. తాత బాపుకు అట్లాగే ఇచ్చాడు. బాపు నాకు ఇస్తాడు. కాకపోతే రిటైర్మెంట్‌కు రెండేళ్లకు పైన ఉండగానే కావాలి. బాపుకు ఆ గడువు డిసెంబరు ముప్పై ఒకటి. అది దాటితే ఇంకేమీ లేదు. రెండేళ్లకు ఆయన దిగిపోతాడు, ఈ క్వార్టర్ ఖాళీ చేస్తాం, నేను గోదావరిఖనిలో భూపాలన్న షాపులో ఫోన్ల అద్దాలు మారుస్తూ ముసలిదాన్నవుతాను.

నాకు ముప్పై ఒకటి. పెళ్లయిన బిడ్డకు ఇస్తారో ఇవ్వరో అన్న భయంతో బెల్లంపల్లి సంబంధాన్ని ఆపింది బాపే. "నౌకరి రానీ బిడ్డా, అటెనుక రాజాలెక్క చేస్కుందువు" అన్నాడు. ఆ పిల్లగాడు, ఎలీషా, రెండేళ్లు ఆగాడు. పోయిన మే నెలలో అతని పెళ్లయింది. సరే అన్నది నేనే. ఎవరూ నా మెడ పట్టి అనిపించలేదు.

ఆగస్టు 17, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి బాపు ఒళ్లో ఒక నల్లటి డబ్బా. ముందర రెండు కడ్డీలు, పైన కుడికి రెండు, ఎడమకు రెండు స్విచ్చులు.

"ఏంది బాపూ గిది?"

"డ్రోన్ నేర్సుకునే రిమోట్ అట. కంప్యూటర్‌ల ఉత్తుత్తి డ్రోన్ ఎగురుతది, కింద పడ్డా ఏం కాదు. ఖరాబైందని పారేస్తుంటే సర్వే సార్ నాకిచ్చిండు. వేళ్లు ఆడిచ్చుకో అంద్రెయా అని."

"యాభై తొమ్మిదేండ్లకు ఆటబొమ్మ తెచ్చిండు ఇంటికి" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.

ఖరాబు అంటే ఏమీ కాదు, వైరు గుచ్చే సాకెట్ ఊడిపోయింది. పది నిమిషాల్లో అతికించాను. నా పాలిటెక్నిక్ డిప్లొమాకు ఇంట్లో దొరికిన మొదటి పని ఇది. లాప్‌టాప్‌కు తగిలిస్తే తెర మీద పచ్చటి మైదానం, మధ్యలో నాలుగు రెక్కల డ్రోన్.

"మన దిక్కు గింత గడ్డి ఏడుంటదే?" అని నవ్వాడు బాపు. ఎన్ని నెలలైందో ఆయన నవ్వి.

నవ్వు ఎంతోసేపు ఉండలేదు. బొటనవేళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి కడ్డీలు తిప్పుతాడు. ఎడమ పక్క స్విచ్చులతోనే వచ్చింది చిక్కు. ఒకటి మోటార్లు ఆపేది, రెండోది డ్రోన్ ఎగిరే తీరు మార్చేది. రెండింటినీ చూపుడు వేలితో దొయ్యాలి. ఆయన వేలు కట్టెపుల్లలా నిలబడి ఉంటుంది. కుడి చెయ్యి ఇటు తెచ్చి నొక్కేలోపు డ్రోన్ వెళ్లి చెట్టుకు గుద్దుకుంటుంది. నాలుగుసార్లు గుద్దుకుంది. రిమోట్ మంచం మీద పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

ఈరోజు చర్చి ఎగ్గొట్టాను. దేవుడు ఏమనుకున్నా సరే.

వారం రోజులుగా ఆ నాలుగు స్విచ్చులే కళ్ల ముందు తిరిగాయి. షాపులో ఒకరి ఫోను విప్పి, ఇంకొకరి స్క్రీను బిగించబోతే భూపాలన్న తిట్టాడు. "ఫెబా, ఇయ్యాల నీ సోయి ఏడున్నదమ్మా?" అన్నాడు. అన్నను అడిగి డ్రిల్లు తెచ్చుకున్నాను.

డబ్బాకు ఆరు స్క్రూలు. ఐదే కనిపిస్తాయి. ఆరోది స్టిక్కరు కింద దాచి పెట్టాడు మహానుభావుడు. అది తెలియక పీకితే మూత కాస్త చిట్లింది. లోపల వెంట్రుకల్లాంటి వైర్లు. ఎడమ స్విచ్చులు రెండూ ఊడదీశాను. మోటార్లు ఆపే దాన్ని కుడి పక్కకు తెచ్చాను, అక్కడున్న రెండింటి కింద కొత్త రంధ్రం చేసి. రెండోదాన్ని పూర్తిగా తీసేసి, డబ్బా అడుగున ఎడమ అరచెయ్యి ఆనే చోట నొక్కుడు బటన్ పెట్టాను. అక్కడ వంగని వేళ్లతో పని లేదు, చిటికెన వేలితో నొక్కితే చాలు. వైర్లు చాలకపోతే పాత చార్జర్ వైరు కోసి అతికాను. పైన ఎడమకు మిగిలిన రెండు బొక్కలకు నల్ల టేపు వేశాను.

బాపు పక్కనే కూర్చుని టార్చి పట్టాడు.

"కంపెనీల జేసినోనికి తెలివి లేదా, నువ్వు మారుస్తున్నవ్?"

"వాడు నీ చెయ్యి చూసి చెయ్యలే బాపూ. నేను నీ చెయ్యి చూసి చేస్తున్న."

 టార్చిని ఇంకాస్త దగ్గరకు తెచ్చి పట్టాడు.

ఆగస్టు 25

కుడి స్విచ్చు తలకిందులుగా బిగించాను! పైకి తోస్తే ఆగాల్సిన మోటార్లు కిందికి తోస్తే ఆగుతున్నాయి. బాపు గాల్లో ఉండగా ఆపేసుకుని "సచ్చిన్రో" అని అరిచాడు. అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి ఉరికొచ్చింది. కంప్యూటర్లో ఒక టిక్కు పెడితే పోయే దానికి డబ్బా అంతా మళ్లీ విప్పాను. నాకు టిక్కు ఇష్టం లేదు. చేత్తో చేసింది చేత్తోనే సరిచేయాలి.

సెప్టెంబరు 7, ఆదివారం

బాపు ఇప్పుడు చెట్ల మధ్య నుంచి డ్రోన్‌ను తీసుకుపోతున్నాడు. ఎనిమిది అంకెలా తిప్పుతున్నాడు. నేను పట్టుకుంటే రెండో నిమిషంలో నేల మీద పడుతుంది.

"ముప్పై ఆరేండ్లు గా కర్ర పట్టుకొని నిలవడ్డ బిడ్డా. జరుగు అంటే జరిగిన, ఆగు అంటే ఆగిన. యంత్రం దిక్కెల్లి ఒక్కనాడు చూడనియ్యలే నన్ను. మట్టి డంపు పైనుంచి ఎట్లుంటదో నాకెర్కనే లేదు."

"ఇప్పుడు చూస్తున్నవ్ కదా" అన్నాను.

బోర్డు దాకా ఆయన మనసు అటూఇటూ పోకుండా ఉంటే చాలు నాకు. కుంగిపోయి అసలు బోర్డుకే రానంటే నా గతేం కాను? అందుకే ఇదంతా చేశాను. వేరే ఏమీ లేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

మామిడి తొక్కు సీసా మూత తీసి ఉంది. మొన్న నేను బిగించిన బిగింపుకు నాకే రాలేదు అది. అమ్మ తీసిందేమో. అమ్మ నేను కాదంది. అయితే నేనే సరిగ్గా బిగించి ఉండను.

బాపు ఈమధ్య ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తున్నాడు.

అక్టోబరు 12, ఆదివారం

సర్వే ఆఫీసుకు కొత్త డ్రోన్ వచ్చిందట. డంపులు కొలవడానికి బయటి మనుషులు ఎందుకని, మన వాళ్లలోనే ఇద్దరికి నేర్పిస్తారట. బాపు చెప్పాడు. నాకు కాదు, అమ్మకు, నేను వినేట్టు.

"ఎవలకు నేర్పుతరట?" అంది అమ్మ.

"చూడాలె."

నేను పప్పుకు పోపు పెడుతున్నాను.  అడగడానికి ఏముంది, పిల్లగాళ్లకు నేర్పుతారు.

నవంబరు 11, మంగళవారం

రేపే బోర్డు. బాపుతో కలిసి సర్వేలో పనిచేసే నర్సింగం కాకకూ రేపే. ఆయనకు మోకాళ్లు. సాయంత్రం వచ్చి బాపుకు పాఠం చెప్పాడు.

"పిడికిలి పట్టుమంటరు అంద్రెయా. నొస్తుందని చెప్పు. జోరు చూపియ్యకు."

"నేర్పుడేంది కాకా, నిజంగనే వంగయి కదా" అన్నాను నేను.

బాపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పడుకునే ముందు నా తల మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు వేసినట్టు. నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఆరేళ్ల నౌకరి నా కోసం వదులుకుంటున్నాడు పాపం అనుకున్నాను.

నవంబరు 12, బుధవారం

ఫిట్.

నవంబరు 13, గురువారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను. కొత్తగూడెం పోవడానికి పొద్దున నాలుగింటికి లేచాం. బస్సులో తినడానికి అమ్మ సద్దికట్టి ఇచ్చిన సంచిని బాపు తనే పట్టుకున్నాడు. బరువు, నేను పట్టుకుంటా అంటే ఇవ్వలేదు. మెయిన్ దవాఖాన ముందు నన్ను బయటే ఉండమన్నారు. లోపల పది నిమిషాలైనా ఉన్నాడో లేదో. తల వంచుకుని బయటికొచ్చాడు.

"ఏమాయె బాపూ?"

"ఫిట్టన్నరు బిడ్డా."

"చెయ్యి చూసిండ్రా? రెండు వేళ్లు చూసిండ్రా?"

"చూసిండ్రు. ఏం జేస్తం, మన నసీబ్."

నర్సింగం కాకకు అయింది, అన్‌ఫిట్. ఆయన కొడుకుకు నౌకరి. దారంతా బస్సులో నేను బాపు చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఫికర్ పడకు, ఇంకో బోర్డు ఉంది, అప్పీలు పెట్టుకుందాం అని నేనే ఆయనకు ధైర్యం చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. నా కంటే ఎక్కువ బాధ ఆయనకే అని అర్థమైంది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏడవలేదు. గట్టి మనిషి.

నవంబరు 16, ఆదివారం

బాపు కుంగిపోతాడని కోడికూర చేశాను. బాగా తిన్నాడు.

షాపులో కూర్చుని అప్పీలు కాగితం టైపు చేశాను. "నా ఎడమ చేతి రెండు వేళ్లు పనిచేయనందున" అని మొదలుపెట్టి, మూడుసార్లు దిద్ది, మళ్లీ రాశాను. డిసెంబరు పదిహేడు లోపు ఆఫీసులో ఇస్తే నెలాఖరు బోర్డుకు పిలుస్తారు. అదే చివరిది. బాపు సంతకం పెట్టాడు. "రేపే ఇస్త" అని జేబులో పెట్టుకున్నాడు.

నవంబరు 17

ఇచ్చాడట.

నవంబరు 26

పిలుపు రాలేదు.

డిసెంబరు 1

రాలేదు. బాపును అడిగితే "పెద్దాఫీసు పని బిడ్డా, గంత జల్ది ఎట్లయితది" అన్నాడు. నిజమే.

డిసెంబరు 5, శుక్రవారం

 ఇది రాయాలి. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

మధ్యాహ్నం నర్సింగం కాక ఫోను అద్దం వేయించుకోవడానికి షాపుకు వచ్చాడు. కొడుకు ఆర్డరు ఇంకా చేతికి రాలేదు కానీ ముఖం వెలిగిపోతోంది. కూర్చుని చాయ్ తాగుతూ అన్నాడు.

"నీ బాపు గుండెగల్లోడు బిడ్డా. నాతోని కాకపోవు."

"ఏంది కాకా?"

"బోర్డు రోజు. నేను ఆయిన ఎనుకనే నిలవడ్డ, తలుపు తెరిచే ఉండె. డాక్టర్ సార్ కాయితం మీద అన్‌ఫిట్ అని రాయబోతుండు. ఆగు సార్ అన్నడు నీ బాపు. సంచిలకెల్లి గా రిమోట్ తీసిండు. నువ్వు మార్చిన స్విచ్చులన్ని చూపిచ్చిండు. 'వేళ్లు వంగకున్నా పని నడుస్తది సార్, డ్రోన్ నడుపుత, నన్ను ఇంటికి పంపకుండ్రి' అన్నడు. ఎవలు చేసిండ్రయ్యా గిది అంటే, నా బిడ్డ అని చెప్పిండు. మస్తు గర్వంగ చెప్పిండు. నాకే కండ్ల నీళ్లు తిరిగినయ్." నా ముఖం చూసి ఆగాడు. "నీకు చెప్పలేదా?"

"చెప్పిండు కాకా" అన్నాను.

ఎందుకు అట్లా అన్నానో తెలియదు. ఆయన పరువు కాపాడాను కాబోలు. అద్దం అతికించి ఇచ్చాను, వంకరగా పోతే మళ్లీ తీసి అతికించాను. కాక పోయాక భూపాలన్నకు తలనొప్పి అని చెప్పి నేరుగా బాపు ఆఫీసుకు పోయాను. క్లర్కు ఫైలు వెతికి చూశాడు. అప్పీలూ లేదు, గిప్పీలూ లేదు. అంద్రెయ పేరున ఏ కాగితమూ రాలేదు.

ఇంటికొచ్చి బాపు కోసం గడపలోనే నిలబడ్డాను.

"అప్పీలు కాయితం ఏది?"

ఆయన అమ్మవైపు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, అమ్మకూ తెలుసని. ఒళ్లంతా మండిపోయింది.

"నీకు గూడ తెల్సా అమ్మా?"

"మెల్లగ మాట్లాడు, పక్కింటోళ్లు వింటరు" అంది అమ్మ.

"విననీ! కోడికూర వండిపెట్టిన గీయినకు. పాపం బాధపడుతుండని బస్సుల చెయ్యి పట్టుకొని కూసున్న. గప్పుడన్న చెప్పొద్దా?"

బాపు చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. "చెప్తామనే అనుకున్న. నోరు రాలే."

"తాత నీకు ఇయ్యలేదా నౌకరి? నీకు పాతికేండ్లు నిండకముందే దిగిపోయి ఇయ్యలేదా?"

"ఇచ్చిండు. ఇచ్చినంక ఆర్నెల్లకు సచ్చిపోయిండు. ఏ రోగం లేదు బిడ్డా. ఇంట్ల కూసొని కూసొని సచ్చిపోయిండు. నేను చూసిన." ఆయన చెప్పుల వైపు చూశాడు. "నాకు రెండేండ్లే అడుగుతున్న. పైనుంచి ఒక్కసారి చూడాలె నేను."

"నీకు రెండేండ్లు బాపూ. నాకు ముప్పై ఏండ్లు. నీ రెండేండ్ల కోసం నా ముప్పై ఏండ్లు తీసుకున్నవ్. ఎలీషాను గూడ ఆపినవ్. నన్ను ఒక్క మాట అడుగొద్దా?"

"అడిగితే ఒప్పుకుంటవా?"

ఇదీ ఆయన జవాబు. అడిగితే ఒప్పుకోనని తెలిసి అడగలేదు. దొంగకైనా ఇంతకంటే మంచి మాట దొరుకుతుంది.

"ఇంక పన్నెండు రోజులున్నయ్. రేపు పోయి కాయితం ఇయ్యి" అన్నాను.

బాపు చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు. అమ్మ అన్నం వడ్డించింది. నేను తినలేదు.

డిసెంబరు 6

నాకు కోపం లేదు. ముసలాయన, భయపడ్డాడు. అంతే.

డిసెంబరు 7, ఆదివారం

కోపం లేదని నిన్న రాసింది పచ్చి అబద్ధం. ఈ పుస్తకంలో కూడా అబద్ధాలు రాస్తే ఇంకెక్కడ నిజం చెప్పను?  నేను నా చేత్తో బొక్క పెట్టి, నా చేత్తో వైరు అతికి, టేపు వేసి ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకుపోయి డాక్టర్ల ముందు పెట్టాడు. నా బిడ్డ చేసింది అన్నాడట, గర్వంగా. నా పేరు చెప్పి నా నోట్లో మన్ను కొట్టాడు.

పొద్దున అంగీ గుండీలు పెట్టమని ముందుకొచ్చి నిలబడ్డాడు. పెట్టాను. పెట్టకుండా ఎట్లా ఉంటాను, ఆయన వేళ్లు వంగవు కదా.

డిసెంబరు 14, ఆదివారం

రేపు ఆఫీసులో డ్రోన్ ట్రైనింగుకు పరీక్ష. బయటి నుంచి నేర్పే సార్ వస్తున్నాడు. ఆరుగురిలో ఇద్దరిని తీసుకుంటాడు. బాపు తన రిమోట్ తీసుకుపోతానంటున్నాడు. పరీక్ష తప్పితే ఇంక డ్రోన్ ఆశ ఉండదు. పదహారునో పదిహేడునో అప్పీలు ఇస్తాడు. ఇవ్వక ఏం చేస్తాడు?

అమ్మా బాపూ పెళ్లి విందుకని రామకృష్ణాపూర్ పోయారు. తలుపు వేసుకుని డబ్బా విప్పాను. ఆరు స్క్రూలు. అరచేతి కింది బటన్ తీశాను. కుడి పక్కన నేను పెట్టిన స్విచ్చు తీశాను. దాన్నీ, నేను భద్రంగా దాచి ఉంచిన రెండోదాన్నీ ఎడమ పక్క వాటి బొక్కల్లోనే బిగించాను. వైర్లు ఫ్యాక్టరీలో ఉన్నట్టే అతికాను. కంప్యూటర్లో కూడా అన్నీ మొదటికి తెచ్చాను. నేను పెట్టిన బొక్కలకు లోపలి నుంచి టేపు వేశాను. తేరిపార చూస్తే తప్ప తెలియదు. కదిలిస్తే ఒక్క వైరు ఊగలేదు. ఇంత బాగా నేనెప్పుడూ పని చెయ్యలేదు.

నాది నేను తీసుకున్నాను. ఇందులో తప్పేముంది?

డిసెంబరు 15, సోమవారం

తప్పే. పొద్దున లేవగానే తెలిసిపోయింది. గుండీలు పెడుతుంటే ఆయన ఊపిరి నా నుదుటికి తగిలింది. ఈ మనిషిని పది మంది ముందు కింద పడేయబోతున్నాను అనిపించింది. ఆయన చేసిందే నేనూ చేస్తున్నాను, చెప్పకుండా. ఆయనలా అవ్వడం నాకు ఇష్టం లేదు.

బండి స్టార్ట్ చేస్తుంటే ఉరికాను.

"బాపూ, ఆగు. రిమోట్ మొత్తం విప్పిన నేను. స్విచ్చులు ఎడమ దిక్కే పెట్టిన మళ్ల, ఎట్లచ్చినయో గట్లనే. నీకు నడపరావొద్దని పెట్టిన. తీస్కపోకు, ఇజ్జత్ పోతది."

తిడతాడనుకున్నాను. చెంప మీద కొట్టినా పడదామనుకున్నాను. ఆయన సంచిలోంచి రిమోట్ తీసి అటూఇటూ తిప్పి చూశాడు.

"పర్వాలేదు బిడ్డా. ఆఫీసుల రిమోట్ గూడ గిట్లనే ఉంటది కదా. దాని మీద అలవాటైంది నాకు."

"ఎడమ స్విచ్చులు?"

చూపుడు వేలితో టక్కున కిందికి దోశాడు. మళ్లీ పైకి. వేలు వంగింది. నడిమి వేలు కూడా వంగింది. గట్టిగా కాదు, కానీ వంగింది.

"ఎప్పటిసంది?"

"దసరా కాడికెల్లి." తల వంచుకున్నాడు. "నువ్వు పెట్టిన బటన్ నొక్కీ నొక్కీ చెయ్యికి సత్తువచ్చింది."

దసరా నుంచి. దసరా నుంచి ప్రతి పొద్దునా గడ్డం ఎత్తి నా ముందు నిలబడ్డాడు. ఐదు గుండీలు, రోజూ. ఇంట్లో నా రిమోట్ మీద చిటికెన వేలు నొక్కుతూ, ఆఫీసులో అసలు దాని మీద నేర్చుకుంటూ. బోర్డు ముందు నా స్విచ్చులు చూపించాల్సిన పని కూడా లేదు, వేళ్లు వంచి చూపిస్తే చాలు. వంగవని డాక్టర్లను మోసం చేశాడు, అంతకంటే ముందు నన్ను మోసం చేశాడు. నేను పగ తీర్చుకుందామన్నా నా చేతికి ఏమీ మిగలనివ్వలేదు.

"పో" అన్నాను. "పొద్దువోతుంది, పో."

సాయంత్రం స్వీటు డబ్బాతో వచ్చాడు. ఆరుగురిలో మొదటివాడట.

డిసెంబరు 17

అప్పీలు ఆఖరు రోజు. బాపు బట్టలు సర్దుకుంటున్నాడు, రేపటి నుంచి హైదరాబాదులో ట్రైనింగు.

డిసెంబరు 25

కేకు కోశారు. అందరూ బాపు సర్టిఫికెట్టును చేతులు మార్చి మార్చి చూశారు. నేను ప్లేట్లు కడిగాను.

డిసెంబరు 31

గడువు అయిపోయింది.

జనవరి 4, ఆదివారం

మా చర్చిలో కొత్త సంవత్సరం మొదటి ఆదివారం సాక్ష్యాలు. దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్లు మైకులో చెబుతారు. ఆపరేషన్ బాగైన వాళ్లు, పరీక్ష పాసైన వాళ్లు. బాపు పేరు మూడోది. ఇస్త్రీ అంగీ, గుండీలు ఆయనే పెట్టుకున్నాడు. నేను ఆడవాళ్ల వైపు నాలుగో వరసలో ఉన్నాను.

చెయ్యి గురించి చెప్పాడు. డ్రోన్ గురించి చెప్పాడు. "మన డంపు పైకెల్లి చూసిన, కొండలెక్క ఉన్నది" అన్నాడు, అందరూ నవ్వారు. అంతటితో దిగిపోతే బాగుండేది.

"ఇదంత దేవుని తర్వాత నా బిడ్డ ఫెబా వల్లనే. తనకు రావాల్సిన నౌకరిని నా కోసం వదులుకున్నది. బాపూ, నువ్వు సంతోషంగ ఉంటే చాలన్నది. గసోంటి బిడ్డను ఇచ్చినందుకు ప్రభువుకు స్తోత్రం."

"స్తోత్రం" అని చర్చి అంతా మారుమోగింది. పక్కనున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఎప్పుడు అన్నాను ఆ మాట? ఏ రోజు అన్నాను? నా దగ్గర నుంచి తీసుకున్నదాన్ని నేను ఇచ్చానని చెబుతున్నాడు, దేవుడి ముందు, మైకులో. నేనింక ఏడవడానికి కూడా వీల్లేకుండా చేశాడు. అంత మంచి బిడ్డ ఏడుస్తుందా మరి?

పాస్టరయ్య నన్ను చూసి నవ్వాడు. "ఫెబమ్మా, నువ్వు గూడ రా తల్లీ, ఒక్క మాట చెప్పు."

రానని తల ఊపాను. వెనక నుంచి ఎవరో తోశారు. మైకు చేతికొచ్చింది. బాపు నా వైపు చూశాడు. చెప్పొద్దని ఆ చూపు. ఆ చూపు చూశాకే చెప్పాలనిపించింది.

"నేను వదులుకోలే" అన్నాను. నా గొంతు బయట స్పీకర్లో కూడా వినిపించింది. "నన్నెవ్వరు అడుగలే. బాపు నాకు చెప్పకుండ తీసుకున్నడు. చెయ్యి బాగైనందుకు నాకు సంతోషమే. నౌకరి మాత్రం నేను ఇయ్యలే."

 మైకు పాస్టరయ్యకు ఇచ్చి దిగాను. ముందు వరసలో చెవులు వినపడని ఒక అవ్వ అలవాటు కొద్దీ "స్తోత్రం" అంది గట్టిగా. ఇంకెవరూ అనలేదు.

ఆరాధన అయ్యాక అమ్మ నాతో మాట్లాడకుండా ఆటో ఎక్కి పోయింది. నేను నడిచాను. బాపు బండి అక్కడే వదిలేసి నా వెనకే వచ్చాడు. క్వార్టర్ల వరస మొదలయ్యే చోట నన్ను అందుకున్నాడు.

"గట్ల అందరి ముంగట అనాల్నా?"

"నువ్వు అందరి ముంగట్నే అన్నవ్ కదా బాపూ."

ఇంకో పది అడుగులు. ఆయన ఆయాసపడుతున్నాడు. నేను వేగం తగ్గించలేదు.

"ఇంక నన్ను మాఫ్ చెయ్యవా బిడ్డా?"

"నువ్వు ఇంతవరకు అడుగనే లేదు" అన్నాను.

ఆయన ఆగాడు. అడుగుతాడేమోనని నేనూ ఆగాను. రోడ్డు మీద ఎవరూ లేరు. ఆయన చెమట తుడుచుకున్నాడు. నేను ఎంతసేపైనా నిలబడేదాన్ని, సాయంత్రం దాకా అయినా నిలబడేదాన్ని.

"ఎండెక్కుతున్నది. నడువు" అన్నాడు బాపు.